ఈవీల పని అయిపోయిందంటారు, రికార్డు అమ్మకాలంటారు. ఏది నమ్మాలి? (ఇంజిన్ బోరింగ్ షాపు నడిపేవాడి ప్రశ్న)

ఆటోనగర్ బోరింగ్, విజయవాడ

అందరికీ నమస్కారం. నాది ఆటోనగర్‌లో ఇంజిన్ బోరింగ్ షాపు. బ్లాకు బోరింగ్, స్లీవులు వేయడం, హెడ్ ఫేసింగ్, క్రాంక్ గ్రైండింగ్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన షాఫ్టుని సాన పట్టడం) చేస్తాం. నాన్న పెట్టిన షాపు, ఆయన తర్వాత నేను చూసుకుంటున్నాను. ఇప్పుడున్న క్రాంక్ గ్రైండింగ్ మెషిన్ ముసలిదైపోయింది. జర్నల్‌కి (క్రాంకులో బేరింగు మీద తిరిగే భాగం) ఈ చివర మైక్రోమీటర్ పెడితే ఒక కొలత, ఆ చివర పెడితే ఇంకో కొలత. టేపర్ వచ్చిన క్రాంక్ బిగిస్తే బేరింగులు ఎన్నాళ్లుంటాయో ఈ పని తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పని తిరిగొస్తే పోయేది మన పేరే. కొత్త మెషిన్ అంటే ఇరవై లక్షల పైమాటే. బ్యాంకు వాళ్లు ఇల్లు తనఖా పెట్టమంటున్నారు, అయిదేళ్ల ఈఎంఐ.

మా అబ్బాయి బీటెక్ చదువుతున్నాడు. "ప్రపంచమంతా ఎలక్ట్రిక్ అయిపోతుంటే క్రాంక్ గ్రైండింగ్‌కి అప్పు చేస్తావేంటి నాన్నా" అంటాడు. సరే, అసలు సంగతేంటో చూద్దామని ఫోన్లో వార్తలు చదవడం మొదలుపెట్టాను. బుర్ర తిరిగిపోతోంది. పొద్దున ఒకటి వస్తుంది: టెస్లా అమ్మకాలు వరసగా రెండో ఏడాదీ తగ్గాయి, అమెరికాలో ఫోర్డ్ తన ఎలక్ట్రిక్ ట్రక్కు ఆపేసింది, ఈవీల మోజు తీరిపోయింది అని. సాయంత్రం ఇంకోటి: 2025లో ప్రపంచంలో రెండు కోట్లకు పైగా ఈవీలు అమ్ముడయ్యాయి, ఇంత ఎప్పుడూ లేదు అని. ఈ రెండూ ఒకేసారి నిజం ఎలా అవుతాయండీ?

నాకు షేర్లు కొనే పని లేదు, కారు కొనే ఆలోచన కూడా లేదు. గాలి ఎటు వీస్తోందో, వచ్చే అయిదారేళ్లు నా మెషిన్‌కి పని ఉంటుందో ఉండదో, అంతే కావాలి. బ్యాటరీలు పేలిపోతాయి, అగ్గి అంటుకుంటుంది అనే వీడియోలు మాత్రం పెట్టొద్దు. అవన్నీ మా షాపు గ్రూపులో రోజూ వస్తూనే ఉన్నాయి.

డీజిల్ ప్రాణం

మెషిన్ కొనెయ్యండి సార్. పండక్కి కరెంటు కారులో ఊరెళ్లి, ఛార్జర్ దగ్గర లైన్లో నించున్నవాళ్లని అడగండి, వాళ్లే చెప్తారు మీ భవిష్యత్తు ఎంత బాగుందో.

శ్రీసిటీ ప్లానర్

బాబాయ్ గారూ (అబ్బాయి బీటెక్ అన్నారు కాబట్టి ఆ వరస కలిపేస్తున్నాను), రెండు వార్తలూ నిజమే. శ్రీసిటీలో కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో డిమాండ్ ప్లానింగ్ నా ఉద్యోగం. ఏ దేశంలో ఏ కారు ఎన్ని పోయాయో ప్రతి నెలా చూసి, మాకు ఎన్ని ముక్కలు కావాలో చెప్పాలి. తప్పు చెప్తే గోడౌన్ నిండిపోతుంది, తిట్లు నాకు. అందుకని ఈ లెక్కలు ఎక్కడ మోసం చేస్తాయో కాస్త తెలుసు.

ముందు టెస్లా సంగతి. 2023లో వాళ్లు 18.08 లక్షల కార్లు ఇచ్చారు, 2024లో 17.89 లక్షలు, 2025లో 16.36 లక్షలు. తగ్గిన మాట నిజం. కానీ అదే 2025లో చైనా కంపెనీ బీవైడీ బ్యాటరీ కార్లే 22.5 లక్షలు అమ్మింది. కొనేవాళ్లు పోలేదు, పక్క షాపుకెళ్లారు. మనం చదివే వార్తలు ఎక్కువగా అమెరికా నుంచి వస్తాయి కాబట్టి టెస్లాకి జలుబు చేస్తే ఈవీలన్నిటికీ జ్వరం వచ్చినట్టు రాస్తారు.

ఇక మొత్తం అమ్మకాలు. 2020లో ప్రపంచంలో అమ్ముడైన ఎలక్ట్రిక్ కార్లు సుమారు 30 లక్షలు. 2022కి కోటి దాటాయి. 2024లో 1.7 కోట్లు దాటాయి, అంటే కొత్త కార్లలో అయిదింట ఒకటి. 2025లో రెండు కోట్లు దాటాయి. ఇక్కడే ఒక తమాషా ఉంది. 2021లో అమ్మకాలు ఒక్క ఏడాదిలోనే రెట్టింపు దాటాయి. 2025లో పెరిగింది ఇరవై శాతం దగ్గర. శాతం చూస్తే చల్లబడిపోయినట్టు ఉంటుంది. కానీ ఆ ఇరవై శాతం అంటే 30 లక్షలకు పైగా కార్లు, 2020 ఏడాది మొత్తం అమ్మినన్ని! పెరిగే వేగం తగ్గితే, అమ్మకాలే తగ్గాయని హెడ్డింగ్ పెట్టేస్తారు. మా కంపెనీ మీటింగుల్లోనే ఈ పొరపాటు మాట వింటుంటాను, పేపర్ల వాళ్లని అనడం దేనికి.

ఇప్పుడు చెప్పేది మీకు బాగా పనికొస్తుంది. ఈ రెండు కోట్ల లెక్కలో ఇంజిన్ ఉన్న కార్లు కూడా ఉన్నాయి. ప్లగ్‌లో పెట్టి ఛార్జ్ చేసుకునే హైబ్రిడ్లను కూడా ఎలక్ట్రిక్ కింద కలిపే చెప్తారు. 2024లో ప్రపంచ అమ్మకాల్లో మూడో వంతుకు మించి అవే. బీవైడీ ఆ ఏడాది అమ్మిన 42.7 లక్షల కార్లలో వట్టి బ్యాటరీవి 17.6 లక్షలే, దాదాపు 25 లక్షలు హైబ్రిడ్లు. చైనాలో ఎక్స్‌టెండెడ్ రేంజ్ అని ఇంకో రకం ఉంది. చక్రాలు తిప్పేది మోటారే, కానీ బ్యాటరీ అయిపోతే కరెంటు పుట్టించడానికి చిన్న పెట్రోల్ ఇంజిన్ ఉంటుంది. లీ ఆటో అనే కంపెనీ పెద్ద కార్లలో 1.5 లీటర్ ఇంజిన్ పెడుతుంది. అంటే బాబాయ్, రికార్డు బద్దలుకొట్టిన ఈ కార్లలో చాలావాటిలో క్రాంక్ షాఫ్ట్ ఉంది.

దేశాల వారీగా చూస్తే కథ పూర్తిగా మారిపోతుంది. అమెరికాలో కొత్త ఈవీ కొంటే 7,500 డాలర్ల పన్ను రాయితీ ఉండేది. 2025 సెప్టెంబర్ 30తో దాన్ని ఎత్తేశారు. ఆ గడువు లోపల కొనాలని జూలై నుంచి సెప్టెంబర్ దాకా జనం ఎగబడ్డారు, రికార్డు అమ్మకాలు. తర్వాతి మూడు నెలల్లో దాదాపు సగానికి పడిపోయాయి. మీరు చదివిన ఫోర్డ్ వార్త డిసెంబర్‌ది, ఆ పతనం తర్వాతది. జర్మనీలో ఇదే సినిమా రెండేళ్ల ముందు ఆడింది. 2023 డిసెంబర్‌లో అక్కడి ప్రభుత్వం బడ్జెట్ ఇరుకులో పడి ఈవీ సబ్సిడీని రాత్రికి రాత్రి ఆపేసింది. 2024లో బ్యాటరీ కార్ల అమ్మకాలు 27 శాతం పడ్డాయి. అప్పుడూ పని అయిపోయిందనే రాశారు. 2025లో మళ్లీ 43 శాతం లేచి 5.45 లక్షలకు చేరాయి. అదెలా అంటే, యూరప్‌లో ఆ ఏడాది నుంచి కంపెనీల పొగ పరిమితి బిగించారు. ఈవీలు తగినన్ని అమ్మని కంపెనీకి జరిమానా భయం. దాంతో తక్కువ ధర మోడళ్లు దించారు, లీజు రేట్లు తగ్గించారు. (ఆ పరిమితి అందుకోవడానికి కంపెనీలు గోల చేసి మూడేళ్ల సగటు లెక్క వేసుకునే వెసులుబాటు తెచ్చుకున్నాయి, అది వేరే కథ.)

ఇంతకీ మీకు కావాల్సిన అంకె ఇవేవీ కాదు. ఇవన్నీ కొత్త కార్ల అమ్మకాలు. షోరూం నుంచి నిన్న బయటికొచ్చిన బండి మీ షాపుకి రాదు కదా. రోడ్డు మీద ఇప్పటికే తిరుగుతున్న బండ్ల లెక్క చూడాలి. 2024 చివరికి ప్రపంచం మొత్తం మీద రోడ్డు మీదున్న ఎలక్ట్రిక్ కార్లు 5.8 కోట్ల దాకా. వినడానికి పెద్దగా ఉంది, కానీ మొత్తం కార్లలో నాలుగు శాతం. అమ్మకాల్లో ఇరవై, రోడ్డు మీద నాలుగు. ఈ రెండిటి మధ్య తేడాలోనే మీ షాపు బతుకుతోంది.

ఒకటి చెప్పండి, మీ దగ్గరకొచ్చే పనిలో కార్లు ఎన్ని, లారీలు ఎన్ని, ట్రాక్టర్లు ఎన్ని?

ఆటోనగర్ బోరింగ్, విజయవాడ

అమ్మా, చాలా థాంక్స్. హైబ్రిడ్ల మాట మా అబ్బాయికి చూపించాను, నోరు మెదపలేదు.

నా దగ్గరకి కార్ల బ్లాకులు రావడం ఎప్పుడో తగ్గింది. ఇప్పటి కార్ల ఇంజిన్లు రెండు లక్షల కిలోమీటర్లు తిరిగినా విప్పాల్సిన పని పడట్లేదు. ఆపైన పోయినా, ఓనర్ బండి అమ్మేస్తాడు గాని ఇంజిన్ చేయించడు. వచ్చేవన్నీ లారీలు, టిప్పర్లు, ట్రాక్టర్లు, వరికోత మెషిన్లు. దాళ్వా నాట్ల ముందు ట్రాక్టర్ల బ్లాకులు షాపు బయట దాకా పేర్చి ఉంటాయి. కోతల మెషిన్ల వాళ్లది ఇంకా హడావిడి. సీజన్లో క్రాంక్ పోతే రాత్రి పన్నెండింటికి తలుపు కొడతారు, తెల్లారేసరికి కావాలంటారు. ఈ క్రాంకులు పొడుగు, బరువు. ముసలి మెషిన్ మీద వాటికే టేపర్ ఎక్కువ వస్తోంది.

ఒకప్పుడు ఆటోల హెడ్లు చాలా వచ్చేవి. ఈ మధ్య అవి బాగా పల్చబడ్డాయి. ఎందుకో పట్టించుకోలేదు.

హైదరాబాద్ షోరూం

అన్నా, ఆటోలు ఎందుకు పల్చబడ్డాయో నేను చెప్తా. ఈవీ సంగతిలో మన దేశంలో అందరూ కార్ల వంక చూస్తున్నారు గాని, అసలు మారింది మూడు చక్రాల బండ్లు. ఎలక్ట్రిక్ త్రీవీలర్ల అమ్మకాల్లో ప్రపంచంలో మన దేశమే ఫస్ట్. 2024లో మన దగ్గర అమ్ముడైన త్రీవీలర్లలో సగానికి పైగా ఎలక్ట్రిక్వే, ఈ-రిక్షాలు కలుపుకుని. ఆటో డ్రైవర్‌కి పర్యావరణం గురించి లెక్చర్ ఇవ్వక్కర్లేదు. రోజుకి గ్యాస్ ఖర్చెంత, ఛార్జింగ్ ఖర్చెంత, వేళ్ల మీద లెక్కేసి చెప్తాడు.

కార్లయితే, నేను ఒక షోరూంలో సేల్స్ చేస్తా. మొన్నటి దాకా ఈవీ అడిగేవాడు పదిమందిలో ఒకడు. ఇప్పుడు అడిగేవాళ్లు పెరిగిండ్రు, కొనేవాళ్లు కూడా. దేశం మొత్తం మీద 2024లో లక్ష దాకా పోయినయి, 2025లో 1.7 లక్షలు దాటినయి. కానీ మొత్తం కార్ల అమ్మకాల్లో అది నాలుగు శాతం దగ్గర. చైనాలో సగం. అదీ తేడా.

తెలంగాణలో 2024 నవంబర్ నుంచి ఈవీలకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ, 2026 డిసెంబర్ దాకా. పదిహేను, ఇరవై లక్షల బండి మీద అది చిన్న మాట కాదు. కస్టమర్ రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టుకుని చూస్తాడు, అక్కడ మనసు మారుద్ది. ఇంకోటి, ఎంజీ వాళ్లు 2024లో విండ్సర్ తెచ్చి బ్యాటరీ అద్దెకిచ్చే పద్ధతి పెట్టిండ్రు, కిలోమీటర్‌కి ఇంత అని. కారు ధర ఒక్కసారిగా తక్కువ కనబడింది, అది బాగా పోయింది. కియా అయితే మన అనంతపురం జిల్లా ప్లాంటులోనే తయారైన కారెన్స్ క్లావిస్ ఈవీని 2025 జూలైలో దింపింది. (కొత్త జిల్లాల లెక్కలో ఇప్పుడది శ్రీసత్యసాయి జిల్లా, గొడవొద్దు.) టెస్లా కూడా అదే నెలలో ముంబైలో షోరూం తెరిచింది. మోడల్ వై అప్పుడు దాదాపు 60 లక్షలు, దిగుమతి సుంకం అట్లా ఉంది. మా షోరూంకి వచ్చినోళ్లు దాని గురించి అడిగి, ధర చెప్పంగానే నవ్వుకుంటారు.

అయితే ఒక దెబ్బ కూడా పడింది. 2025 సెప్టెంబర్ 22న చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దించిండ్రు. ఈవీకి ముందు నుంచే 5 శాతం, అది మారలేదు. అంటే రెండిటి మధ్య తేడా తగ్గింది. దసరా సీజన్లో చిన్న పెట్రోల్ బండ్లకి మళ్లీ ఊపొచ్చింది.

గ్వాంగ్‌జౌ గుంటూరోడు

చైనా సంగతి నేను చెప్తాను. గ్వాంగ్‌జౌలో ఉంటాను, ఎల్ఈడీ లైట్లు, బాత్రూం ఫిటింగులు కొని మనవైపు షాపులకి కంటైనర్లు పంపించే పని. కార్ల నిపుణుణ్ణి కాదు, కళ్లకి కనపడేది రాస్తున్నాను.

ఇక్కడ కూడా ఈవీలకి పచ్చ నంబర్ ప్లేటే. సిగ్నల్ దగ్గర ఆగితే నీలం ప్లేట్లు (పెట్రోల్ బండ్లు) వెతుక్కోవాల్సి వస్తుంది. క్యాబ్ పిలిస్తే పచ్చ ప్లేటే వస్తుంది. పక్కనున్న షెన్‌జెన్‌లో 2017 చివరికే సిటీ బస్సులన్నీ ఎలక్ట్రిక్ చేసేశారు. జనానికి అంత ప్రేమ ఎలా పుట్టిందనుకుంటున్నారు? పెద్ద నగరాల్లో పెట్రోల్ కారుకి నంబర్ ప్లేటు దొరకడమే గగనం. గ్వాంగ్‌జౌలో లాటరీ తగలాలి, లేదంటే వేలంలో కొనుక్కోవాలి. షాంఘైలో వేలం పాట మన డబ్బులో పది లక్షలకు అటూఇటూ, వట్టి ప్లేటుకి! పచ్చ ప్లేటు అయితే ఆ బాధ లేదు. పైగా కొనుగోలు పన్ను మాఫీ. అది 2025తో అయిపోయింది, 2026 జనవరి నుంచి సగం పన్ను కట్టాలి.

ఆపైన ధరలు. 2023 మొదట్లో టెస్లా ఇక్కడ రేట్లు కోసింది, అప్పటి నుంచి అందరూ కోసుకుంటూనే ఉన్నారు. బీవైడీ సీగల్ అనే చిన్న కారు 69,800 యువాన్లుండేది, 2025 మేలో ఆఫర్ పెట్టి 55,800కి దించారు. మన డబ్బులో ఇంచుమించు ఏడు లక్షలు. పెట్రోల్ కారు కన్నా ఈవీ చవక అయిపోయాక ఇంక సబ్సిడీ ఇస్తే ఎంత, ఇవ్వకపోతే ఎంత. 2024 జూలైలో మొదటిసారి ఒక నెల అమ్మకాల్లో ఈవీలు, హైబ్రిడ్లు కలిపి సగం దాటాయి, ఆ తర్వాత ఎక్కువ నెలలు అదే వరస.

కానీ ఇక్కడి లెక్కల్ని కూడా పూర్తిగా నమ్మకూడదు. ఒక్క కిలోమీటర్ తిరగని కార్లని కంపెనీలు, డీలర్లు ముందే రిజిస్టర్ చేసేసి, 'అమ్మేశాం' అని లెక్క చూపించి, సెకండ్ హ్యాండ్ కింద అమ్ముతారు. గ్రేట్ వాల్ కంపెనీ ఛైర్మన్ వెయ్ జియెన్‌జున్ 2025 మేలో ఈ సంగతి బయటికే అనేశాడు, కార్ల పరిశ్రమలో కూడా ఒక ఎవర్‌గ్రాండ్ ఉందని. దివాళా తీసిన రియల్ ఎస్టేట్ కంపెనీ పేరు అది. పెద్ద గోలైంది. విడిభాగాలు ఇచ్చేవాళ్లకి నెలల తరబడి డబ్బులు ఆపేవాళ్లు. ప్రభుత్వం కన్నెర్ర చేశాక, అదే ఏడాది జూన్‌లో పెద్ద కంపెనీలన్నీ అరవై రోజుల్లో ఇచ్చేస్తామని మాటిచ్చాయి.

ఇక్కడ మిగిలిపోయినవి బయటికి పోతున్నాయి. 2024లో చైనా నుంచి ఎగుమతైన ఈవీలు, హైబ్రిడ్లు 12.8 లక్షలు, 2025లో దానికి రెట్టింపు. అమెరికా నూరు శాతం సుంకం వేసి తలుపు మూసింది. యూరప్ 2024 అక్టోబర్ చివర్లో మామూలు పది శాతం మీద ఇంకా వడ్డించింది, బీవైడీకి 17, ఎంజీ కార్ల ఓనర్ శాయిక్‌కి 35.3. హైబ్రిడ్ల మీద ఆ అదనపు వడ్డన లేదు, అందుకని ఇప్పుడు యూరప్‌కి హైబ్రిడ్లు ఎక్కువ పంపుతున్నారు. వీళ్ల తెలివికి దణ్ణం పెట్టాలి. మిగతావి బ్రెజిల్, మెక్సికో, థాయిలాండ్. మోసుకెళ్లడానికి ఓడలు కూడా బీవైడీ సొంతంగా కట్టించుకుంది, ఒక్కోదాంట్లో వేల కార్లు.

బోరింగ్ అన్నా, మీకు మాత్రం ఒక్క మాట. మీవి లారీలు, టిప్పర్లు అన్నారు కదా. ఇక్కడ కార్ల తర్వాత మారుతున్నవి అవే. 2025లో చైనాలో అమ్మిన కొత్త హెవీ ట్రక్కుల్లో అయిదో వంతుకు మించి ఎలక్ట్రిక్. పోర్టులు, గనులు, స్టీల్ ప్లాంట్లు, సిమెంటు కంపెనీల దగ్గర తిరిగేవి. దూరం తక్కువ, రోజూ అదే రూటు, తిరిగొచ్చి అదే చోట ఆగుతాయి కాబట్టి ఛార్జింగ్ గొడవ లేదు. కొన్నిటికి బ్యాటరీ మొత్తం తీసి ఇంకోటి పెట్టేస్తారు, క్రేనుతో.

డీజిల్ ప్రాణం

చైనా చైనానే, మనది మనది. ఇక్కడ గుంటల్లో ఓవర్‌లోడ్ టిప్పర్ ఎలా తిరుగుతుందో చూసిన తర్వాత మాట్లాడండి.

శ్రీసిటీ ప్లానర్

డీజిల్ ప్రాణం గారూ, మీ పేరులోనే తీర్పు ఇచ్చేశారు, వాదించను. కానీ మన దగ్గర కూడా ముందు మారేది పోర్టు, గనుల టిప్పర్లే అనిపిస్తోంది. ఎందుకంటే బ్యాటరీ ధర. 2010లో ఒక కిలోవాట్ అవర్‌కి వెయ్యి డాలర్ల పైన ఉండేది, 2024లో సగటున 115 డాలర్లు, 2025లో 108. కోబాల్ట్, నికెల్ లేని ఎల్ఎఫ్‌పీ బ్యాటరీ అయితే ఇంకా తక్కువ. కారు కొనేవాడు మోజుతో కొంటాడు, టిప్పర్ కొనేవాడు కిలోమీటర్‌కి ఎంత పడుతుందో చూసి కొంటాడు. లెక్క కుదిరిన రోజున వాళ్లు వెనక్కి తిరిగి చూడరు. ఆటోల్లో జరిగింది అదే.

ఓస్లో తెలుగబ్బాయి

నార్వే మాట రాలేదేంటా అని చూస్తున్నాను. 2025లో ఇక్కడ అమ్మిన కొత్త కార్లలో 95.9 శాతం బ్యాటరీవే. హైబ్రిడ్లు కలపకుండా. చమురు, గ్యాస్ అమ్ముకుని బతికే దేశం ఇది, తన కార్లు మాత్రం కరెంటువి!

కానీ బోరింగ్ గారికి కావాల్సింది ఇంకోటి. ఇది ఒక్క రోజులో రాలేదు. 1990లో ఈవీలకి దిగుమతి పన్ను తీసేశారు, 2001లో వ్యాట్ తీసేశారు. ప్రభుత్వాలు మారినా ఆ మాఫీ జోలికి ఎవరూ పెద్దగా పోలేదు. 2023లో మాత్రం అయిదు లక్షల క్రోనర్లు దాటిన భాగానికి వ్యాట్ వేయడం మొదలుపెట్టారు. జర్మనీలో లాగా రాత్రికి రాత్రి తలుపు మూయలేదు, అదే తేడా. ఇంత చేసినా, రోడ్డు మీదున్న ఈవీల సంఖ్య పెట్రోల్ కార్లని దాటింది 2024 సెప్టెంబర్‌లో. రెండూ ఏడున్నర లక్షల చొప్పున. డీజిల్ కార్లు అప్పటికి వాటిలో ఒక్కోదానికన్నా ఎక్కువే. అంటే ముప్ఫై ఏళ్ల పైన పట్టింది, అదీ కార్లలో. లారీలు ఇంకా చాలా వెనక ఉన్నాయి.

మెకానిక్ షాపులు మూతపడతాయనుకున్నారు గాని మూతపడలేదు, పని మారింది. ఆయిల్ సర్వీసు పోయింది. టైర్లు, సస్పెన్షన్ పని పెరిగింది, ఎందుకంటే బండి బరువు. బ్రేకుల గోల విచిత్రం. ఈవీలో కాలు తీస్తే మోటారే బండిని ఆపుతుంది కాబట్టి బ్రేకు ప్యాడ్ అరగదు. వాడక వాడక డిస్కు తుప్పు పడుతుంది, పైగా చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. నాలుగేళ్లకి మొదటి చెకింగ్‌కి తీసుకెళ్తే డిస్కులు తుప్పని ఫెయిల్ చేస్తారు. నా స్నేహితుడి కారుకి ప్యాడ్లు కొత్తవాటిలా ఉన్నాయి, డిస్కు మాత్రం లోపలి వైపు గుంటలు పడి ఉంది.

ఆటోనగర్ బోరింగ్, విజయవాడ

అందరూ ఇంత ఓపిగ్గా రాశారు, సంతోషం. పోర్టు టిప్పర్ల మాట నాకు పట్టుకుంది. నా ఖాతాదారుల్లో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు కృష్ణపట్నం, గంగవరం వైపు టిప్పర్లు తిప్పేవాళ్లే. ట్రాక్టర్లు, కోత మెషిన్లు మాత్రం ఇప్పట్లో ఎక్కడికీ పోయేలా లేవు.

అమ్మా ప్లానరూ, ఒక్క మాట సూటిగా చెప్పు. తీసుకోనా వద్దా?

శ్రీసిటీ ప్లానర్

బాబాయ్, మీ ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టే విషయంలో నేను అవునని అననూ, కాదని అననూ. నేనైతే ఇలా చూస్తాను. మీ బిల్లుల పుస్తకం తీసి పోయిన ఏడాది క్రాంక్ పనిలో ట్రాక్టర్లు, కోత మెషిన్ల వాటా ఎంతో కూడండి. ఆ ఒక్క డబ్బుతో ఈఎంఐ వెళ్లిపోతే మెషిన్‌కి దిగులు లేదు, అయిదేళ్లలో ఆ బండ్లు మాయమైపోవు. టిప్పర్ల డబ్బు కూడా కలిస్తేనే ఈఎంఐ కుదురుతుందంటే అప్పుడు ఆలోచించాలి. కోయంబత్తూరు, రాజ్‌కోట్ వైపు బాగున్న సెకండ్ హ్యాండ్ మెషిన్ దొరుకుతుందేమో కూడా అడగండి, ఇల్లు తనఖా పెట్టే అవసరం రాకపోవచ్చు. అబ్బాయి భయానికి కారణం ఉంది, కానీ వాడు చూస్తున్నది కొత్త కార్ల అంకెలు. పదిహేనేళ్ల తర్వాత ఆ షాపులో వాడు కూర్చుంటే వాడికి అవి పనికొస్తాయి, మీ అయిదేళ్ల ఈఎంఐకి కాదు.

ఆటోనగర్ బోరింగ్, విజయవాడ

లెక్క తీశానమ్మా. సీజన్ పని ఒక్కదానితో ఈఎంఐలో మూడొంతులు వస్తుంది, పావు వంతు తగ్గుతోంది. కాబట్టి కొత్తది ఆపి, రాజ్‌కోట్‌లో తెలిసినాయనకి ఫోన్ చేశాను. వీడియో పంపిస్తానన్నాడు. వీడియో చూసి నమ్మను, డయల్ గేజ్ పట్టుకుని నేనే వెళ్తాను.

ఓస్లో బాబూ, ఆ డిస్కుల సంగతి కొంచెం వివరంగా చెప్పు. తుప్పు పట్టినవాటిని లేత్ మీద పెట్టి స్కిమ్మింగ్ చేయరా అక్కడ? బందరు, నిజాంపట్నం వైపు ఉప్పు గాలికి మా దగ్గర కూడా డిస్కులు అలాగే పోతాయి.

ఓస్లో తెలుగబ్బాయి

ఇక్కడ చాలామంది చేయరండీ. మెకానిక్ గంట కూలీ ఎంతంటే, డిస్కు తీసి చెక్కించే ఖర్చు కన్నా కొత్తది బిగించడమే చవక. లోతుగా గుంటలు పడితే ఎలాగూ పనికిరాదు. పైపైన తుప్పయితే చెక్కచ్చు, కానీ డిస్కు అంచు మీద కనీస మందం ఎంతుండాలో కొట్టి ఉంటుంది, దాని కిందకి పోకూడదు.

ఆటోనగర్ బోరింగ్, విజయవాడ

కనీస మందం సంగతి మాకూ తెలుసులే. ఇక్కడ కూలీ తక్కువ, లేత్ ఖాళీగానే ఉంటోంది. హైదరాబాద్ షోరూం తమ్ముడూ, మీ సర్వీసు సెంటర్‌లో ఈవీల డిస్కులు నెలకి ఎన్ని మారుస్తున్నారో, పాతవి ఏం చేస్తున్నారో కొంచెం కనుక్కుని చెప్పు.